రెక్క విరిగిన చోటు

ఎదురింటివాళ్లు కొత్త అలమర చేయించుకుంటున్నారు. మూడు రోజులుగా వడ్రంగి ప్లైవుడ్ ముక్కలకు జిగురు పూస్తున్నాడు. ఆ ఘాటైన వాసన వీధి దాటి మా వంటింట్లోకి వస్తోంది. పప్పులో పోపు వేసినా ముక్కుకు తగిలేది ఆ జిగురే. ఇవాళ కిటికీ మూద్దామని లేచాను. మూయకుండా అక్కడే నిలబడిపోయాను. 1991 చలికాలమంతా మా కార్ఖానా ఆఫీసు గదిలో ఇదే వాసన. నూలు, గంజి వాసన రావలసిన చోట ఈ జిగురు వాసన. దానికి కారణం మా అంబాదాస్ సేట్. ఆయన 2003లో పోయారు. ఆయన మీద నా విసుగు మాత్రం ఇంకా పోలేదు.

సోలాపూర్‌లో జోడ్‌భావి పేటలో ఆయనకు పదహారు సాంచాలు ఉండేవి. కరెంటు మగ్గాన్ని మేము సాంచా అంటాం. పది సాంచాల మీద టవళ్లు, ఆరింటి మీద చద్దర్లు, అంటే కప్పుకునే దుప్పట్లు, నేసేవారు. చద్దరు సాంచాకు పైన జకార్డు ఉంటుంది. దాని అట్టలకు ఉన్న రంధ్రాలను బట్టి పువ్వులు, నెమళ్లు బట్టలోకి దిగుతాయి. జకార్డు సాంచా చేతికి వచ్చిన నేతగాడికి పేటలో ఒక మర్యాద ఉండేది. నేను 1978 నుంచి అక్కడ తనిఖీ పని చేశాను. అంతకుముందు బీడీలు చుట్టేదాన్ని. చదివింది ఏడో తరగతే అయినా లెక్క తప్పేదాన్ని కాను. నేసి తెచ్చిన ప్రతి చద్దరునూ బల్ల మీద పరిచి, వెలుతురుకు పట్టి చూసి, తప్పు కనిపిస్తే పుస్తకంలో రాసేదాన్ని. పేజీకి నాలుగు గడులు: తేదీ, సాంచా నంబరు, తప్పు, ఎవరి వల్ల. ఆ నాలుగో గడి నింపేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ‘సత్తెమ్మ పుస్తకంలో పేరు పడింది’ అని తెలిస్తే ఇతర కార్ఖానాలవాళ్లు కూడా ఆ మనిషికి జకార్డు ఇచ్చేముందు ఆలోచించేవారు.

సేట్‌కు ఒక జబ్బు ఉండేది. ఏది పాడైనా విప్పి చూడనిదే ఊరుకునేవారు కాదు. గోడ గడియారం, తక్కెడ, పక్కింటివాళ్ల టేబుల్ ఫ్యాను, ఏదీ ఆయన చేతిలోంచి తప్పించుకోలేదు. ఒకసారి నా కళ్లజోడు కాడ విరిగింది. అతికిస్తానని తీసుకుని, అద్దాలు రెండూ ఊడదీసి, నన్ను మధ్యాహ్నం దాకా గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టారు. ఆరోజు పదకొండు చద్దర్లు చూడాలి, నాలుగే చూశాను. ఆ సంగతే చెప్పి కోప్పడితే ఆయన తల కూడా ఎత్తలేదు.

“ఎందుకు ఇరిగిందో సూడకుంట అతికిస్తే మల్ల గాడ్నే ఇరుగుతది సత్తెమ్మ. గంత తొందరేంది నీకు?”

తొందర నాకు కాదు, చద్దర్ల కోసం బయట రిక్షా పెట్టుకుని నిలబడ్డవాడికి. అది ఆయనకు ఎప్పుడూ పట్టలేదు.

1991 ఆగస్టులో బొంబాయికి మాల్ బేరం మాట్లాడటానికి వెళ్లి, అక్కడ ఒక మైదానంలో రేడియోతో నడిపే చిన్న విమానాలను చూసి వచ్చారు. చూసి వచ్చి ఊరుకుంటే ఆయన అంబాదాస్ సేట్ ఎందుకవుతారు? నెల తిరిగేలోగా పెద్ద అట్టపెట్టె ఒకటి ఆఫీసు గదిలో దిగింది. అందులో రెడీమేడ్ విమానం. ఎవరో ఎక్కడో అన్నీ చేసి పెట్టిందే. మనం చేయవలసిందల్లా ఒక రెక్కకు ముందే అతికించి పంపిన ప్లైవుడ్ ముక్కకు రెండో రెక్కను అతికించి, ఇంజను బిగించుకోవడం. ఎర్రటి ప్లాస్టిక్ పొర చుట్టి, అద్దంలా మెరుస్తూ ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్క సరిగ్గా ఐదడుగుల ఒక అంగుళం. ఇంజనుతో సహా బరువు రెండు కిలోల ఆరు వందల గ్రాములు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నా చేతే తూకం వేయించి రాయించారు. చద్దర్ల తనిఖీకి పెట్టుకున్న మనిషి చేత విమానం తూకం వేయించే యజమాని సోలాపూర్‌లో ఇంకొకరు ఉండి ఉండరు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రతి ఆదివారం ఊరి బయట బీడులో దాన్ని ఎగరేశారు. నన్ను కూడా రమ్మనేవారు, పుస్తకంతో. మొదట్లో మెల్లగా గుండ్రంగా తిప్పి దించేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కార్ఖానాలో లచ్చయ్య గొడవ వచ్చింది.

లచ్చయ్య ఏడో నంబరు సాంచా నేతగాడు. మా దగ్గర ఇరవై రెండేళ్ల పని, అందులో పద్నాలుగేళ్లు జకార్డు మీదే. ఆ ఏడాది సేట్ చద్దర్లకు కొత్త అంచు గీశారు. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ, పేకలో, అంటే అడ్డపోగులో, జంట పోగు వేసి దట్టంగా, చెయ్యి పెడితే పలకలా గట్టిగా ఉండేది. ఆయనకు ఆ అంచు మీద ఎంత మోజంటే, వచ్చిన ప్రతివాడికీ మడత విప్పి చూపించేవారు. ముందుగా దాన్ని ఏడో సాంచా మీదే ఎక్కించారు. రెండు నెలలకు వ్యాపారి నుంచి చద్దర్లు తిరిగి రావడం మొదలైంది. కప్పుకుని దులిపితే చాలు, అంచు పక్కన అడ్డంగా చిరిగిపోతున్నాయట. మొత్తం పదకొండు. నేను నంబర్లు చూశాను. పదకొండుకు పదకొండూ ఏడో సాంచావే. మిగిలిన ఐదు చద్దరు సాంచాల నుంచి ఒక్కటీ లేదు. ఇంతకంటే తేట లెక్క ఏముంటుంది? నాలుగో గడిలో పదకొండుసార్లు ‘నేతగాని వల్ల’ అని, పక్కన లచ్చయ్య పేరూ రాసి, ఏడో సాంచా పక్కన నిలబడి అందరూ వినేటట్టు చదివాను. లచ్చయ్య ఏదో చెప్పబోయాడు. పుస్తకంలో ఉన్నదానికి మాటలు అనవసరం అన్నాను.

సేట్ నా లెక్కను ఒక్కసారి చూసి, సరే అన్నారు. గోడ గడియారాన్ని కూడా విప్పనిదే నమ్మని మనిషి, ఆ చద్దర్లలో ఒక్కదాన్నీ చేతిలోకి తీసుకోలేదు. లచ్చయ్యను జకార్డు నుంచి దింపి టవళ్ల సాంచా మీద వేశారు. లచ్చయ్య మూడు రోజులు టవళ్లు నేశాడు. నాలుగో రోజు రాలేదు. అక్కడా ఇక్కడా జకార్డు అడిగి చూశాడనీ, నా పుస్తకం సంగతి తెలిసి ఎవరూ ఇవ్వలేదనీ, చివరికి కొంతం చౌక్ అవతల ఒక చిన్న కార్ఖానాలో టవళ్ల మీదే కుదిరాడనీ తర్వాత తెలిసింది. నాకేమీ బాధ అనిపించలేదు. నేను తప్పు రాయలేదు కదా అనుకున్నాను.

నవంబరు 17న, ఆదివారం, సేట్ విమానాన్ని బాగా పైకి తీసుకెళ్లి, ముక్కు కిందికి వంచి, వేగంగా దింపుతూ ఒక్కసారిగా పైకి లేపారు. పటుక్కుమని ఎండుకట్టె విరిగిన చప్పుడు మేము నిలబడ్డ చోటిదాకా వినిపించింది. రెండు రెక్కలూ పైకి లేచి నమస్కారం పెట్టినట్టు దగ్గరికొచ్చాయి. మొండెం రాయిలా పడింది. మేకలు కాసేవాళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చి, లోపల మనిషి ఎవరూ లేరు కదా అని అడిగారు.

ఆ సాయంత్రమే ఆఫీసులో ఎర్ర పొరను బ్లేడుతో కోసి విప్పారు. రెక్కలు కలిసే చోట ప్లైవుడ్ ముక్క ఒక పక్క జిగురుతో నల్లబడి ఉంది. రెండో పక్క తెల్లగా, పొడిగా, అప్పుడే కోసిన కట్టెలా ఉంది. ఆ పక్క అతికించి పంపింది దుకాణంవాడే. అటువైపు జిగురు చుక్క కూడా పడలేదు. సేట్ బొంబాయి దుకాణానికి ఉత్తరం రాయించారు. డిసెంబరులో జవాబు వచ్చింది. ఇంగ్లీషు వచ్చిన ఒకాయన చదివి చెప్పాడు: ఈ రకం విమానాలు ఎన్నో అమ్మాం, మీది తప్ప ఒక్కటీ విరగలేదు, కాబట్టి లోపం రెక్కలో లేదు, నడిపిన చేతిలో ఉంది.

నాకు ఆ ఉత్తరం సబబుగానే తోచింది. అదే మాట ఆయన ముఖం మీదే అన్నాను. అంత వేగంలో గబుక్కున లేపింది మీరే కదా, నేను చూశాను కదా అన్నాను. సేట్ టోపీ తీసి బల్ల మీద కొట్టారు.

“ఇప్పి సూసినోణ్ణి నేను. ఇప్పకుంట ఆడ కూసోని వాడు చెప్తడు, నా చెయ్యి ఖరాబని. నువ్వు గూడ గదే అంటవ్?”

అయినా ఆ దుకాణంలోనే ఇంకో రెక్క తెప్పించారు. కోపం వచ్చినవాడి దగ్గరే మళ్లీ కొనడం కూడా ఆయన అలవాటే. ఈసారి నడుమ గట్టి చేస్తానన్నారు. నేతవాళ్లకు గట్టి చేయడమంటే ఏమిటి? నూలు చుట్టడం. తెగినదేదైనా, ఊడినదేదైనా మాకు ఒకటే మందు. గంజి పట్టించిన నూలును జిగురులో ముంచి, రెక్క నడుమ జానెడు మేర చుట్టమని నాకే అప్పగించారు. బీడీలకు దారం కట్టిన చెయ్యి కదా, పోగు పక్కన పోగు తప్పదని. అసలు పని వదిలి ఒకటిన్నర రోజు కూర్చుని చుట్టాను. మూడు వందల పన్నెండు చుట్లు. ఒక్కటీ వదులు లేదు, ఒక్కటీ మరొకదాని మీదికి ఎక్కలేదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు ఉంది. చేసిన తర్వాత, విసుగుతో చేసినా, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నానని ఒప్పుకోవాలి.

జనవరి 19న మళ్లీ ఎగరేశారు. మళ్లీ ముక్కు వంచి పైకి లేపారు. మళ్లీ అదే చప్పుడు. ఈసారి కుడి రెక్క ఒక్కటే తెగి గాలిలో తిరుగుతూ, మొండెం పడిన చాలాసేపటికి వచ్చి పడింది. నేను వెళ్లి తీసుకొచ్చాను. నా చుట్టుకు ఏమీ కాలేదు. అది ఆగిన చోటుకు అర వేలు అవతల, రంపంతో కోసినట్టు తెగిపోయింది. నా పని బరాబర్‌గానే ఉంది, ఇక ఆ దుకాణంవాడు చెప్పిందే నిజం అనబోయాను. సేట్ ఆ కొసను బొటనవేలితో రాస్తూ బీడులోనే చతికిలబడి కూర్చున్నారు. కోప్పడలేదు. ఆ కొసను నాకు చూపిస్తూ అన్నారు.

“నీ చుట్టు మంచిగున్నది సత్తెమ్మ. గందుకే ఇరిగింది. గట్టిది ఉన్నదున్నట్టు ఆగిపోతే, పక్కనున్న మెత్తది ఎట్ల ఓర్సుకుంటది?”

ఆ మాటకు నా చేతిలోని పుస్తకం బరువెక్కింది. గట్టి అంచు పక్కన చిరిగిన చద్దర్లు గుర్తొచ్చాయి. కార్ఖానాకు తిరిగి వచ్చాక గోదాములోకి వెళ్లి, తిరిగొచ్చిన చద్దర్ల కట్ట విప్పాను. ఒకటి తెచ్చి, ఆఫీసు బల్ల మీద విరిగిన రెక్క పక్కన పరిచాను. చిరుగు అంచు లోపల లేదు. చద్దరు నడుమ లేదు. అంచు ఆగిన చోటు నుంచి రెండు పోగుల అవతల, ఈ కొస నుంచి ఆ కొసకు నేరుగా పోయింది. అంచు మాత్రం కొత్తదానిలా చెక్కుచెదరలేదు. మిగిలిన పదీ తీశాను. పదీ అంతే. పదకొండు చద్దర్లూ ఏడో సాంచావే అని లెక్క కట్టానే గానీ, ఆ కొత్త అంచు ఉన్నది కూడా ఏడో సాంచా ఒక్కదాని మీదే అన్నది నా లెక్కలోకి రానే లేదు.

సేట్ చిరుగులన్నీ తడిమి చూశారు. తర్వాత ఆయనకు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆ అంచు తాను గీసింది, తనకు ముప్పై ఏళ్ల అనుభవం, లచ్చయ్య పేక బిగించి కొట్టాడేమో ఎవరికి తెలుసు అన్నారు. నాకు ఒళ్లు మండింది. విప్పి చూడండి మరి, గడియారానికైతే విప్పుతారు, మనిషికైతే అక్కర్లేదా అన్నాను. పద్నాలుగేళ్లలో ఆయనతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు ఏడో సాంచా అట్టలను మూడో సాంచాకు ఎక్కించారు. దాని మీద తానే నేతకు దిగారు. సేట్ కాకముందు ఆయనా నేతగాడే. రెండు రోజుల్లో రెండు చద్దర్లు నేశారు. వాటిలోంచీ, లచ్చయ్య నేసిన దానిలోంచీ మూడు వేళ్ల వెడల్పు పట్టీలు నిలువుగా కోశాం. ఒక కొసను దూలానికి కట్టి, రెండో కొసకు నూలు కట్టలు ఒక్కొక్కటిగా వేలాడదీశాం. సేట్ నేసిన పట్టీ ఎనిమిదో కట్టకు తెగింది, అంచుకు రెండు పోగుల అవతల. రెండోది కూడా ఎనిమిదికే. లచ్చయ్యది తొమ్మిదో కట్టకు తెగింది, అక్కడే.

“రాయి,” అన్నారు సేట్. పుస్తకం తెరిచాను. ఆయనే చెప్పారు. “సాంచా మూడు. తప్పు, అంచు పక్కన చిరుగు. ఎవరి వల్ల కాడ నా పేరు రాయి.”

రాశాను. 

ఆ వారమే ఇద్దరం లచ్చయ్య ఇంటికి వెళ్లాం. ఒకటే గది, గుమ్మంలో భార్య చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి చేతులు ఆపలేదు. లచ్చయ్య లేచి సేట్‌కు పీట వేశాడు, నాకు వేయలేదు. సేట్ సంగతంతా చెప్పి, రేపటి నుంచి ఏడో సాంచా నీదే, రా అన్నారు. లచ్చయ్య నా వైపు చూశాడు.

“నేను మొదటి దినమే చెప్పిన గదా అక్కా, అంచు మందం, పక్కకు పల్చన, ఆడ ఆగదని. నువ్వు తలెత్తలే. రాసుకుంట ఉంటివి.”

మరి నాకెందుకు చెప్పలేదని సేట్ అడిగారు.

“మీరు ఇమానం కాడ ఉంటిరి, సేట్.”

గుమ్మంలో భార్య నవ్వును దగ్గుగా మార్చుకుంది. లచ్చయ్య మాత్రం నవ్వలేదు. పనికి వస్తాడట, కానీ ఊరికే రాడట. పదకొండు తప్పులూ నలుగురిలో చదివారు కాబట్టి, పదకొండూ నలుగురిలోనే కొట్టేయాలట. అదే చోట నిలబడి, సాంచాలన్నీ ఆపి, నేనే చదవాలట. ఉగాచ్, ఏ కారణమూ లేకుండా, ఒకరి పేరు చెడగొట్టినప్పుడు గంట సేపు పట్టలేదు, బాగు చేయడానికి అరగంట పెట్టలేరా అన్నాడు. నాకు మళ్లీ చిరాకు వచ్చింది. పదహారు సాంచాలు ఆగితే ఆ రోజు ఎన్ని మీటర్లు పోతాయో మనసులో లెక్క కూడా కట్టేశాను. సేట్ నా ముఖం చూసి, ఆ లెక్క వద్దు అన్నట్టు తల ఆడించారు.

శనివారం పొద్దున్నే సాంచాలు ఆపారు. ఆ చప్పుడు ఆగాకే కార్ఖానా ఎంత పెద్దదో తెలిసింది. లచ్చయ్య లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను అదే చోట నిలబడి ఒక్కో వరుస చదివాను: తేదీ, ఏడో సాంచా, అంచు పక్కన చిరుగు, నేతగాని వల్ల కాదు. చదివిన ప్రతి వరుసనూ అందరూ చూస్తుండగా కలంతో కొట్టేసి, పక్కన ‘అంచు వల్ల’ అని రాశాను.   చివరి వరుస అయ్యాక తలుపు వైపు చూస్తే, లచ్చయ్య వేళ్ల కణుపులు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు.

“పదకొండు, బరాబర్,” అని, చెప్పులు బయట విడిచి, తిన్నగా ఏడో సాంచా దగ్గరికి వెళ్లి నిలువు పోగులు చుట్టిన బీము మీద చెయ్యి పెట్టాడు.

అంచును మార్చింది కూడా వాళ్లిద్దరే. జంట పోగు ఒక్కసారిగా ఆగకుండా, కొంత మేర రెండు పోగులూ ఒక పోగూ కలుస్తూ, మెల్లగా పల్చబడేటట్టు చేశారు. మళ్లీ తెప్పించిన రెక్కకు నేనూ అలాగే చుట్టాను. నడుమ మూడు పొరలు, తర్వాత రెండు, తర్వాత ఒకటి, కొసల్లో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం పెంచుతూ. చూడటానికి వికారంగా ఉంది. రెండు కొసలనూ పీటల మీద ఆనించి నడుమ నాలుగు నూలు కట్టలు పెట్టినా కదల్లేదు. విమానం నలభై ఏడు సార్లు ఎగిరింది. 1994లో రేడియో మొరాయించి ఇటుక బట్టీ గోడకు గుద్దుకుంది. సేట్ ముక్కలు ఏరుకుంటూ, రెక్క మాత్రం ఎక్కడా విరగకుండా సాబూతుగా ఉంది చూడు అని మురిసిపోయారు. అంతకుముందే కోసిన మొదటి రెక్కను, జిగురు లేని పక్క పైకి కనిపించేటట్టు, బొంబాయి దుకాణానికి పార్సిల్ చేయించారు. దానికి జవాబు రాలేదు. వస్తుందని ఆయన రెండేళ్లు ఎదురు చూశారు. అదీ నాకు విసుగే.

అప్పటి నుంచి నేను నాలుగో గడిని వెంటనే నింపడం మానేశాను. వస్తువును చేతిలోకి తీసుకుని, చిరిగిన చోటు చూసి, నేసినవాడు చెప్పేది విని, అప్పుడు రాసేదాన్ని. కొన్నిసార్లు వారం దాకా ఆ గడి ఖాళీగానే ఉండేది. పని ఆలస్యమవుతోందని సేటే ఒకరోజు నన్ను విసుక్కున్నారు. ఆయనకు ఆ హక్కు లేదని చెప్పాను.

1978 నుంచి 1991 దాకా రాసిన పుస్తకాలు తొమ్మిది నా దగ్గరే ఉన్నాయి. కార్ఖానా అమ్మేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను. ‘నేతగాని వల్ల’ అన్న వరుసలు వాటిలో నాలుగు వందల పదమూడు. రెండుసార్లు లెక్కపెట్టాను. విప్పి చూసి కొట్టేసినవి పదకొండు. మిగిలిన నాలుగు వందల రెండింటి పక్కన ముప్పై ఎనిమిది మంది పేర్లు ఉన్నాయి. వాళ్లలో కొందరు పోయారు, కొందరు ఎదురుపడితే ఇప్పటికీ నమస్కారం పెడతారు. ఆ చద్దర్లు ఎప్పుడో అమ్ముడుపోయి, ఎవరి ఇళ్లల్లోనో పాతబడి, నేల తుడిచే గుడ్డలై చిరిగిపోయి ఉంటాయి. ఇప్పుడు విప్పి చూద్దామన్నా ఒక్కటీ లేదు.